పిల్లల పంక్తి కబుర్లు

ఈ సంక్రాంతికి మా ఇంట్లో పెద్దవాళ్ల కబుర్లకన్నా పిల్లల తిండి కబుర్లే ఎక్కువ. పిల్లలకే వేరే పంక్తి వేయాల్సినంతమంది చేరారు. అందులో ఒకడికి తెల్లగా ఉన్నదే తిండి: అన్నం, పెరుగు, ఇడ్లీ. పోపులో ఆవగింజ కనబడితే కంచం వెనక్కి నెట్టేస్తాడు. ఇంకొకత్తె పులిహోరలో పల్లీలన్నీ ఏరుకుని తినేసి, మిగిలింది గుట్టుగా తాతయ్య విస్తట్లోకి తోస్తుంది.

ముందుగా అరిసెల రోజు సంగతి. నానబెట్టిన కొత్తబియ్యం పిండి పట్టించి తెచ్చి, బెల్లం పాకంలో పోసి కలుపుతుంటే పిల్లలంతా గిన్నె చుట్టూ మూగారు. మన తెల్లన్నం వాడూ వచ్చాడు. పంటికింద నువ్వులు పడుతున్నా పట్టించుకోకుండా వేడి చలిమిడి ఉండలు లాగించాడు. సాయంత్రం అదే పిండితో చేసిన అరిసె కంచంలో పెట్టి, "ఒక్క ముక్క నాన్నా" అని వాళ్లమ్మ బతిమాలగానే మూతి బిగించేశాడు!

భోగినాడు రేగిపళ్లు, నానిన శనగలు, చెరకుముక్కలు, చిల్లర కలిపి చిన్నవాళ్ల తలమీద పోశాం. డబ్బులు పెద్దపిల్లలు ఏరుకుంటే, రేగిపళ్లు బుల్లివాళ్ల నోట్లోకి పోయాయి. ఇక్కడ మాత్రం కాస్త కాపలా ఉండాలి. నాలుగేళ్లలోపు పిల్లలకు రేగిగింజ అయినా, శనగ అయినా, చెరకుపిప్పి అయినా గొంతుకు అడ్డం పడొచ్చు.

పండగనాటి భోజనం అసలు తమాషా. డాలస్ నుంచి వచ్చిన మేనల్లుడు ఉలవచారులో మీగడ వేయించుకుని మూడోమారు అన్నం అడిగాడు. గుమ్మడికాయ ముక్కలు, చిక్కుడుకాయ కూర, గోంగూర దేనికీ వెనుకాడలేదు. ఊళ్లో పుట్టి పెరిగిన మా చిన్నాడు మాత్రం దప్పళంలో ముక్కలన్నీ విస్తరి అంచున వరసగా పేర్చి, "నూడుల్స్ లేవా నానమ్మా?" అన్నాడు. ఆవిడ ముఖం చూడాలి! ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని బాబాయి గొప్పగా చెబుతుంటే, "కాగితం నేను తినను" అని పల్లీల పిల్ల తేల్చేసింది. పక్కన అన్నయ్య కరకరలాడిస్తూ రెండోది అందుకున్నాక తనూ చెయ్యి చాచింది.

కనుమనాడు మినుము తినాలంటారుగా, గారెలూ నాటుకోడి కూరా చేశాం. చిన్నవాళ్లకు ముక్క నీళ్లలో కడిగి పెట్టడం మా ఇంటి ఆనవాయితీ. ఈసారి అయిదేళ్లవాడొకడు, "నాకు కడగొద్దు, అన్నయ్యలకు పెట్టినట్టే పెట్టు" అని పేచీ పెట్టాడు. కళ్లమ్మట, ముక్కమ్మట నీళ్లు కారుతున్నా వదల్లేదు.

కరీంనగర్ నుంచి వదిన ఫోన్ చేసింది. అక్కడ సకినాల హడావిడి. తెల్లగుడ్డ పరిచి అందరూ పిండి చుడుతుంటే, పిల్లలకూ ఓ మూల ఇచ్చారట. వాళ్లు చుట్టినవి వంకరటింకరగా వచ్చాయి. "వాము వాసనొద్దని ఏడ్చేటోళ్లు, తాము చుట్టిన సకినం ఎవ్వరికీ పెట్టకుండ తిన్నరు" అని ఒకటే నవ్వు.

రెండేళ్లనుంచి ఆరేళ్లదాకా కొత్త తిండంటే జంకడం పిల్లలకు మామూలేనట. ఒక్కో రుచి అలవాటయ్యేసరికి పది, పదిహేనుసార్లు ఎదురుపడాల్సి రావచ్చంటారు. ఎలిన్ శాటర్ అనే అమెరికా పోషకాహార నిపుణురాలు 1983లో వచ్చిన తన పుస్తకం నుంచీ ఒకటే మాట చెబుతూ వచ్చింది: ఏం పెట్టాలి, ఎప్పుడు, ఎక్కడ పెట్టాలి అన్నది పెద్దల వంతు, తినాలా వద్దా, ఎంత తినాలి అన్నది పిల్లల వంతు. ఈ మాట మా అమ్మకు చెబితే, "అయితే పస్తు పడుకోబెట్టమంటావా?" అని కయ్యిమంది. కానీ మూడు రోజులూ చూశాం కదా. వెంటపడి పెట్టిన ముద్ద బయటికొచ్చింది, ఎవరూ చూడనప్పుడు తీసుకున్నది లోపలికి పోయింది. పంక్తిలో తోటిపిల్లలు చేసే పని, బుజ్జగింపులు చేయలేవు.

ముక్కనుమనాడు డబ్బాలు సర్దుతుంటే తెల్లన్నం వాడు జంతికలు తన సంచిలోనే పెట్టమన్నాడు. ఇప్పటికి అది చాలు. ముందు ఉగాది ఉంది. వేపపువ్వు పచ్చడి చేతిలో పడగానే పెద్దవాళ్లలో ఎంతమంది ముఖం చిట్లిస్తారో పిల్లలు గమనిస్తూనే ఉంటారు. కాబట్టి ఈలోగా మనం కాస్త సాధన చేసుకోవడం మంచిది.