అరవై వేలూ, ఆటల కంప్యూటరూ

పిల్లలూ, ఆటలాడుకునే కంప్యూటరును కంపెనీ బిగించి ఇచ్చినదే కొనాలని లేదు. విడిభాగాలు తెచ్చి మనమే అమర్చుకోవచ్చు. ఈ సంగతి మీలో చాలామంది ఎరుగుదురు. ఎరగనిదల్లా ఏ భాగానికి ఎంత డబ్బు పెట్టాలన్నదే. ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పినవాణ్ణి కనుక నాకిది మంచి లెక్కలాగే కనిపిస్తుంది. మీ అమ్మానాన్నలను కూడా పక్కన కూచోబెట్టుకుని చదవండి. డబ్బు వాళ్లదే కదా!

ముందు ఒక ప్రశ్న. తెర మీద బొమ్మ ఎట్లా కదులుతుంది? నిజానికి అది కదలదు. సెకనుకు 60 బొమ్మలు ఒకదాని వెంట ఒకటి వచ్చిపోతాయి. అంటే ఒక్కొక్క బొమ్మ వేయడానికి యంత్రానికి సెకనులో అరవయ్యో వంతు కాలమే ఉంటుంది. ఆ బొమ్మలో ఎన్ని చుక్కలున్నాయి? మామూలు తెరకు అడ్డంగా 1920, నిలువుగా 1080. గుణించి చూడండి, 20,73,600 వస్తుంది. 4కె తెర ఐతే అడ్డమూ నిలువూ రెండేసి రెట్లు కనుక చుక్కలు నాలుగు రెట్లు. ఇన్ని చుక్కలకూ రంగు వేసే పని గ్రాఫిక్స్ కార్డుది. ఆటగాడు ఎక్కడున్నాడు, బంతి ఎటు పోయింది అని లెక్కకట్టి దానికి అందించేది ప్రాసెసరు. అందుచేత ముందు తెర, ఆ తరువాత దానికి తగిన కార్డు. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు.

2024 వేసవిలో మా మనుమరాలు ఇంటరు మొదటి సంవత్సరం పూర్తిచేసింది. వాళ్ల అమ్మ, అంటే మా అమ్మాయి, బట్టలు కుట్టి కట్టిన చీటీ డబ్బు అరవై వేలు దాని చేతిలో పెట్టింది. "ఆటలకే కాదు, చదువుకు కూడా ఇదే. మళ్లీ అడిగితే నా దగ్గర లేదు," అన్నది.

మా ఊళ్లో ఒక దుకాణదారు జాబితా రాసి ఇచ్చాడు. ఖరీదైన ప్రాసెసరు, చిన్న గ్రాఫిక్స్ కార్డు, రంగురంగుల దీపాలున్న పెట్టె, ఊరూ పేరూ లేని పవర్ సప్లై. కాడికి ఒక పక్క ఒంగోలు గిత్తనూ ఇంకో పక్క బక్క దూడనూ కట్టినట్టుంది. బండి దూడ నడకనే కదా నడిచేది! ఇక ఆ దీపాల వల్ల ఆటలో ఒక్క మార్కు కూడా పెరగదు.

"ఈ పవర్ సప్లై ఏ కంపెనీదండీ?" అని మనుమరాలు అడిగింది.

"అవన్నీ నీకెందుకమ్మా, మేం చూసుకుంటాం," అన్నాడతను.

అది జాబితా మడిచి సంచిలో పెట్టుకుని లేచింది. నలభైమంది ఉన్న తరగతిలో ఒక్కరు అట్లాంటి ప్రశ్న అడిగినా ఆ రోజు నాకు పండగే.

పవర్ సప్లై గురించి కాస్త వివరంగా చెప్పాలి. గోడలోంచి వచ్చే 230 వోల్టుల కరెంటును 12 వోల్టులకూ, అంతకు తక్కువకూ మార్చి లోపలి భాగాలకు పంచేది అదే. నాసిరకంది చెడిపోతే తానొక్కటే పోక పక్కవాటిని కూడా వెంట తీసుకుపోవచ్చు. పెట్టె మీద 450 అని అచ్చువేసినంత మాత్రాన 450 వాట్లు ఇస్తుందన్న నమ్మకం లేదు. పేరున్న కంపెనీయా, వారంటీ ఎన్నేళ్లు, 80 ప్లస్ ముద్ర ఉన్నదా, ఈ మూడూ చూడండి.

చివరకు సికింద్రాబాదు పార్క్‌లేన్‌కు పోయి కొన్నాం. 2022లో వచ్చిన రైజెన్ 5 5600 ప్రాసెసరు 65 వాట్లది. 2021లో వచ్చిన రేడియాన్ ఆర్‌ఎక్స్ 6600 కార్డు 132 వాట్లది. రెండూ కలిపితే 197. మిగతా భాగాలకు కొంత, అవసరానికి ఉండాలని మరికొంత కలుపుకుని 550 వాట్ల పవర్ సప్లై తీసుకున్నాం. డబ్బులో సుమారు మూడోవంతు కార్డుకే పోయింది. ఆటలకోసం ఐతే అది న్యాయమే.

ర్యామ్ 16 జీబీ ఒక్క ముక్కగా కాక, ఎనిమిదేసి చొప్పున రెండు తీసుకున్నాం. రెండు కాలవల్లో నీళ్లు పారినట్టు సమాచారం రెండు దారుల్లో పోతుంది. ఈ ప్రాసెసరు పట్టే ఎఎమ్4 బోర్డుకు డీడీఆర్4 రకమే సరిపోతుంది. డీడీఆర్5 ముక్కకు గాడి వేరేచోట ఉంటుంది కనుక ఎంత నొక్కినా దిగదు, నొక్కకండి! ఒక సంగతి: 2025 చివరలో ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. కనుక మా నాటి లెక్క మీకు పనికిరాదు, కొనేరోజు ధరలు అడిగి మీ లెక్క మీరే వేసుకోండి.

బిగించడానికి ఒక పూట పట్టింది. మీట నొక్కితే పంకాలు తిరిగాయి కాని తెర నల్లగానే ఉంది. మా అమ్మాయి కుట్టు ఆపి వచ్చి గుమ్మంలో నిలబడింది. ఏమీ అనలేదు. మనుమరాలు మళ్లీ మొదటినుంచీ ఒక్కొక్క తీగే చూసుకుంటూ వచ్చి, తెర కేబులు మదర్‌బోర్డుకు తగిలించి ఉండటం కనిపెట్టింది. ఈ ప్రాసెసరులో బొమ్మలు వేసే భాగం లేదు కనుక అక్కడినుంచి ఏమీ రాదు. కేబులును గ్రాఫిక్స్ కార్డుకు మార్చగానే తెల్లటి అక్షరాలు వచ్చాయి.

"సరే, ఇక లేచి అన్నం తినండి," అని వాళ్ల అమ్మ లోపలికి పోయింది.