ఆ చేతికి ఈ పని వచ్చా?

అమృతాంజనం పేరు వినగానే పసుపుపచ్చని లేపనం, కళ్ల వెంట నీళ్లు తెప్పించే ఘాటు గుర్తుకొస్తాయి. 1893లో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు బొంబాయిలో మొదలుపెట్టిన మందు అది. దాని మీద వచ్చిన రాబడే తర్వాత ఆంధ్రపత్రికకు అండగా నిలిచింది. డబ్బు మందుదే అయినా పత్రికకు దాని పేరు పెట్టలేదు పంతులుగారు.

ఆ కంపెనీయే 2011లో ఫ్రూట్‌నిక్ అనే పళ్లరసాల వ్యాపారం కొంది, ఆ పేరునే కొనసాగించింది. తెలివైన పని. ‘అమృతాంజన్ మామిడి రసం’ అని పెద్దక్షరాలతో ఉంటే, మూత తీయకముందే ముక్కుకు కర్పూరం తగులుతుంది. లోపల ఉన్నది ఒట్టి మామిడి రసమేనని తెలిసినా గొంతు దిగదు. అదే పేరు జలుబుకు పీల్చే ఇన్‌హేలర్ మీద కనిపిస్తే మారుమాట లేకుండా కొంటాం. అక్కడ మనకు కావలసింది ఆ ఘాటే. డెటాల్ సబ్బు సంగతీ అంతే. గాయం కడిగిన మందు వాసన సబ్బులో శుభ్రతకు హామీగా తోస్తుంది. తినే వస్తువులో వస్తే ముద్ద పక్కన పెట్టేస్తాం.

డేవిడ్ ఆకర్, కెవిన్ లేన్ కెల్లర్ అనే అమెరికన్ ఆచార్యులు 1990లో అచ్చయిన తమ పరిశోధనలో ఆరు బ్రాండ్ల పేర్లకు 20 ఊహాజనిత వస్తువులు జతచేసి జనాన్ని అడిగి చూశారు. హైనెకెన్ బీరు పేరుతో పాప్‌కార్న్ కూడా వాటిలో ఉంది. పాతదానికీ కొత్తదానికీ పొత్తు కుదరాలన్నది వాళ్లు తేల్చిన వాటిలో ఒకటి. నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది ఇంకొకటి: ఎవరైనా చేయగలిగే మరీ సులువైన వస్తువు మీద గొప్ప పేరు కనిపించినా జనం మెచ్చరు. అందులో పనితనం ఏముంది, పేరు చెప్పి ధర పెంచారంతే అనుకుంటారు. ఇది అచ్చంగా మన బజారు జ్ఞానమే.

ఇక గోద్రెజ్‌ను చూడండి. 1897లో తాళాలతో మొదలైంది. బీరువా తలుపు మీద హ్యాండిల్ తిప్పితే కడ్డీలు పైకీ కిందికీ జరిగి బిగుసుకుంటాయి. లోపల లాకరుకు మళ్లీ వేరే తాళం. తాళం చేసిన చెయ్యి బీరువా చేయగలదని నమ్మడానికి అంతకన్నా రుజువేం కావాలి? 1958లో అదే పేరుతో ఫ్రిజ్ వచ్చింది. రేకు, తలుపు, బిగువు తెలిసినవాళ్లకు అదీ చేతనవునన్నది జనం లెక్క. మరి 1918లో వచ్చిన సబ్బు? తాళానికీ సబ్బుకూ ఏ పొత్తూ లేదు. ఆ సబ్బు తన బలం తానే తెచ్చుకుంది. జంతువుల కొవ్వు లేకుండా నూనెలతో చేశారు. కొవ్వు సబ్బు ముట్టని ఇళ్లు ఎన్నో ఉన్న దేశంలో దానికి మించిన సిఫారసు లేదు.

కొనేవాళ్లు పేరు చూసి మోసపోతారని తేలిగ్గా మాట్లాడేవాళ్లతో నేను ఏకీభవించను. కొనేవాళ్లు అడిగేది న్యాయమైన ప్రశ్న: ఆ చేతికి ఈ పని వచ్చా? ఏళ్ల తరబడి డబ్బిచ్చి ఆ పేరును నిలబెట్టింది వాళ్లే కాబట్టి అడిగే హక్కు వాళ్లకుంది. కంపెనీలు ఆ ప్రశ్నను ముందు తమ కార్ఖానాలో వేసుకోవాలి. సరైన జవాబు దొరక్కపోతే కొత్త వస్తువుకు కొత్త పేరు పెట్టి, మొదటి మెట్టు నుంచి నమ్మకం సంపాదించుకోవడమే మర్యాద.