మొలకెత్తని బ్యాకప్పు

మేనేజరుని బతిమాలి, రెండు వారాలు ఇంటి నుంచే పని చేస్తానని జూన్ నెలలో కదిరి వెళ్ళాను. మూడో రోజు ల్యాప్‌టాప్ లోంచి టిక్, టిక్ మని చప్పుడు మొదలైంది. ఆఫీసుది కాదులెండి, నా సొంతది. ఏడేళ్ళ నాటిది, లోపల తిరిగే డిస్కు ఉన్న రకం. ఫోల్డరు తెరవాలంటే నిమిషం పడుతోంది. స్మార్ట్ రిపోర్టు చూస్తే చదవడానికి వీలుకాని సెక్టార్లు వందల్లో ఉన్నాయి.

నాకేం భయం? బ్యాకప్పుంది కదా! ప్రతి ఆదివారం రాత్రి దానంతటదే జరిగేట్టు స్క్రిప్టు రాసుకున్నవాణ్ణి. టీములో కుర్రాళ్ళకి బ్యాకప్పుల మీద క్లాసులు పీకేవాణ్ణి కూడా :) కాకపోతే ఆ ఎక్స్‌టర్నల్ డిస్కు కూడా ల్యాప్‌టాప్ ఉన్న బ్యాగులోనే ప్రయాణం చేస్తోంది. బస్సులో ఆ బ్యాగు పోయి ఉంటే రెండూ పోయేవి. అది వేరే సంగతి.

అనంతపురం నుంచి 500 జీబీ ఎస్ఎస్‌డీ తెప్పించాను. అడుగున మరలు విప్పి, పాత డిస్కు తీసి కొత్తది పెట్టడం పావుగంట పని. లినక్సు ఎక్కించి, బ్యాకప్పు వెనక్కి కాపీ చేశాను. ఫోటోలు, కోడు, టాక్సు కాయితాలు అన్నీ వచ్చాయి. మీసం మెలేద్దామనుకుంటూ "అవ్వ" అన్న ఫోల్డరు నొక్కాను. తెరుచుకోలేదు.

అందులో మా అవ్వ గొంతు ఉంది. పోయే ముందు సంవత్సరం, కరువులో పశువులను ఎట్లా కాపాడుకున్నారో, తన పెళ్ళికి కదిరి నరసింహస్వామి తిరునాళ్ళలో ఏమేం కొన్నారో చెబుతుంటే ఫోన్లో రికార్డు చేసినవి. మొత్తం తొమ్మిది ఫైళ్ళు. ఇంకెక్కడా లేవు.

జరిగిందేమిటంటే, ఒకప్పుడు చోటు చాలక ఆ ఫోల్డరుని రెండో పార్టిషన్‌కి మార్చి, పాత చోట సిమ్‌లింకు పెట్టాను. నా స్క్రిప్టు ఆ లింకుని లింకుగానే కాపీ చేసింది, దాని వెనకున్న ఫైళ్ళను కాదు. అయినా బ్యాకప్పు డిస్కులో ఆ ఫోల్డరు నొక్కి చూసినప్పుడల్లా ఫైళ్ళు కనబడేవి. ఎందుకంటే లింకు నన్ను అదే ల్యాప్‌టాప్‌లోని అసలు ఫైళ్ళ దగ్గరికే తీసుకెళ్ళేది! కొత్త డిస్కులో ఆ పార్టిషనే లేదు కాబట్టి బండారం బయటపడింది.

అదే వారం నాయన విత్తనం కాయలు పరీక్ష చేస్తున్నాడు. మూటలోంచి కాసిని కాయలు వలిచి, నూరు గింజలు లెక్కబెట్టి, తడి గోనెపట్టలో చుట్టి నీడన పెట్టాడు. శనక్కాయ విత్తనానికి నూటికి కనీసం 70 మొలవాలన్నది సర్టిఫికేషన్ వాళ్ళ లెక్క కూడా. కదిరి-6, కదిరి లేపాక్షి లాంటి రకాలు పుట్టిన పరిశోధన కేంద్రం ఉన్న ఊరు మాది. ఆ ఊళ్ళో పుట్టి కూడా నాకు తట్టలేదు. నా ఏడుపు విని నాయన అన్నాడు: "కాయ పైకి చూస్తే ఏం తెలుస్తాదిరా? తడిపి చూడాల. నువ్వెప్పుడన్నా చూసినావా?"

చూడలేదు. నాలుగేళ్ళుగా కాయలు మూటగట్టి అటక మీద పెట్టానంతే.

అదృష్టం కొద్దీ పాత డిస్కుని పారెయ్యలేదు. దాన్ని యూఎస్‌బీ కేసులో పెట్టాను. రిపేరు ప్రోగ్రాములేవీ దాని మీద నడపలేదు, చావుబతుకుల్లో ఉన్న డిస్కుని పరుగెత్తిస్తే ఉన్నదీ పోతుంది. డీడీరెస్క్యూతో ఆ పార్టిషన్ మొత్తాన్ని కొత్త డిస్కు మీదికి ఇమేజిగా తీశాను. అది ముందు తేలిగ్గా వచ్చేవి తెచ్చుకుని, మొండికేసిన సెక్టార్ల జోలికి చివర్లో పోతుంది. ఎంతవరకు చదివిందో మ్యాప్‌ఫైల్లో రాసుకుంటుంది కాబట్టి మధ్యలో రెండు సార్లు కరెంటు పోయినా మొదటికి రాలేదు. రాత్రంతా పట్టింది. రిపేరేదో ఆ ఇమేజి కాపీ మీదే చేశాను. ఏడు ఫైళ్ళు నిక్షేపంగా వచ్చాయి. ఒకటి సగంలో ఆగిపోతుంది. ఒకటి రాలేదు.

ఈ తడిపి చూడటం ఎంత పెద్దవాళ్ళకైనా తప్పదు. నార్వేలో స్వాల్‌బార్డ్ విత్తన భాండాగారం 2008లో తెరిచారు. మన పటాన్‌చెరు ఇక్రిశాట్ విత్తనాలకీ అక్కడ నకళ్ళున్నాయి. సిరియా యుద్ధంలో అలెప్పో దగ్గరి ఇకార్డా వాళ్ళకి తమ విత్తన బ్యాంకు అందకుండా పోతే, 2015లో అక్కడ దాచిన విత్తనాలు మొట్టమొదటిసారి వెనక్కి తీసుకున్నారు. లెబనాన్, మొరాకోల్లో నాటి, పండించి, 2017లో మళ్ళీ కొన్ని తెచ్చి దాచారు. మన భాషలో చెప్పాలంటే, రీస్టోర్ చేశారు, పనిచేసిందని చూసుకున్నారు, మళ్ళీ బ్యాకప్పు తీశారు.

ఇప్పుడు నా బ్యాకప్పు ఒకటి బెంగళూరులో, ఒకటి కదిరిలో నాయన బీరువాలో ఉన్నాయి. మూడు నెలలకోసారి వేరే మిషన్లో, ఖాళీ డిస్కు మీదికి రీస్టోర్ చేసి, చెక్‌సమ్‌లు పోల్చి చూస్తున్నాను. డిస్కు మార్చినప్పుడు పాతదాన్ని నెల దాకా ముట్టుకోను.

సగంలో ఆగిపోయే ఫైల్లో అవ్వ పెళ్ళినాటి సంగతి ఏదో చెప్పబోతూ నవ్వుతుంది. ఏం చెప్పిందో నాకు గుర్తులేదు, నాయనకీ తెలీదు.

ఈ ఆదివారం మీరు కూడా నూరు గింజలు తడిపి చూడండి.