చెక్క పాదాలు, గాజు మూలలు

హానోవర్ నుంచి గ్యోటింగెన్ వైపు పోయే రైల్లో ఆల్ఫెల్డ్ అనే చిన్న ఊళ్ళో దిగాను. లైనె నది ఒడ్డున ఉన్న ఊరు. వందేళ్ళ కిందట ఇక్కడ పట్టాలకి అటొకటి ఇటొకటిగా రెండు కర్మాగారాలు పోటీపడి ఒకే సరుకు తయారుచేసేవి. అందులో రెండోదాన్ని చూద్దామని వచ్చాను. పేరు ఫాగస్. 2011లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అయినా దానికి తాళం వేసి అద్దాల పెట్టెలో పెట్టలేదు. లోపల ఇంకా పని నడుస్తూనే ఉంది. నాకు అదే నచ్చింది.

ఆ సరుకు బూట్ల దిమ్మ. బూటు కుట్టాలంటే ముందు పాదం ఆకారంలో ఒక దిమ్మ ఉండాలి. దాని మీద తోలు లాగి బిగిస్తారు, అడుగు అతికిస్తారు, ఆరాక దిమ్మ ఊడదీస్తారు. పరిశ్రమలో దీన్ని లాస్ట్ అంటారు. బూటు కొనేవాడికి ఇది ఎన్నడూ కనిపించదు. కాలు కరిచిందా, హాయిగా ఉందా అన్నది మాత్రం దీన్నిబట్టే తేలుతుంది. పాత గోదాములో ఏర్పాటు చేసిన ప్రదర్శనశాలలో బీచ్ చెక్కతో చేసిన లాస్టులు వరసలు వరసలుగా ఉన్నాయి. ఆ చెట్టు లాటిన్ పేరే కంపెనీ పేరు. ఒకదాన్ని చేతిలోకి తీసుకుంటే అనుకున్నదానికన్నా బరువుగా ఉంది. మడమ దగ్గర నున్నగా, వేళ్ళ దగ్గర ఒక పక్కకి ఒరిగి, ఎవరిదో పాదమే అన్నట్టుంది.

ఆ ఒరుగు వెనక ఉన్న మనిషి కార్ల్ బెన్‌షైట్. 1858లో పుట్టాడు. యౌవనంలో ఆర్నాల్డ్ రిక్లీ అనే ప్రకృతి వైద్యుడి దగ్గర పనిచేశాడు. ఇప్పటి స్లొవేనియాలోని బ్లెడ్ సరస్సు ఒడ్డున రిక్లీ జబ్బుమనుషుల్ని ఎండలో, గాలిలో ఉంచి నయం చేస్తానని పేరు తెచ్చుకున్నవాడు. మన ప్రకృతి వైద్యానికీ ఆ జర్మన్ సంప్రదాయంతో చుట్టరికం ఉంది. లైప్జిగ్‌కు చెందిన లూయీ కూనే జలచికిత్స పుస్తకం 1894లోనే తెలుగులోకి వచ్చింది. ఎండ, గాలి, నీళ్ళు, మితాహారం అని బోధించే ఆ మనుషులకి ఇరుకు బూట్లంటే సరిపడేది కాదు. ఫ్యాషన్ కోసం వేళ్ళని నొక్కిపట్టే బూటు వాళ్ళ లెక్కలో ఒక రోగకారణం. బెన్‌షైట్ ఆ మాటని చేతిపనిగా మార్చాడు. పాదం ఎముకలు ఎలా ఉంటే అలా ఉండే లాస్టులు చెక్కడం మొదలుపెట్టాడు.

1887లో ఆల్ఫెల్డ్‌లోని కార్ల్ బెహ్రెన్స్ లాస్టుల ఫ్యాక్టరీలో చేరి, దాన్ని నడిపే స్థాయికి వచ్చాడు. యజమాని పోయాక కొడుకు పెత్తనం మొదలైంది. ఇద్దరికీ పొసగలేదు. 1910లో బెన్‌షైట్ బయటికి వచ్చేశాడు. అప్పటికి యాభై దాటింది. ఆ వయసులో చాలామంది మరో ఊరు చూసుకుంటారు. ఈయన పాత యజమాని ఫ్యాక్టరీకి సరిగ్గా ఎదురుగా, రైలు పట్టాలకి ఇవతల స్థలం కొన్నాడు. 1911లో ఫాగస్ పుట్టింది. పెట్టుబడి అమెరికా నుంచి వచ్చింది: మసాచుసెట్స్‌లోని బెవర్లీ ఊళ్ళో ఉన్న యునైటెడ్ షూ మెషినరీ కంపెనీ. ఆ స్థలం ఎంపికలో పంతం లేదని ఎవరైనా అంటే నేను నమ్మను.

భవనం కథ ఇక్కడే ఆసక్తిగా మారుతుంది. ప్లాన్లు గీసింది హానోవర్ వాస్తుశిల్పి ఎడ్వర్డ్ వెర్నర్. పాత ఫ్యాక్టరీ పనుల నుంచే అతను బెన్‌షైట్‌కి తెలుసు. చెక్క ఎటు రావాలి, ఎక్కడ కోయాలి, ఎక్కడ ఆరబెట్టాలి, ఏ హాల్లో చెక్కాలి, ఎక్కడ నిలవ చెయ్యాలి అన్న వరస అతనిదే. ఆ వరస ఈనాటికీ స్థలం మీద కనిపిస్తుంది. కానీ బయటి రూపం బెన్‌షైట్‌కి నచ్చలేదు. రైల్లో పోయే ప్రతివాడూ తల తిప్పి చూడాలని ఆయన కోరిక. పట్టాలవైపు గోడే తన ప్రకటన బోర్డు.

అదే సమయంలో పని వెతుక్కుంటున్న కుర్ర వాస్తుశిల్పి వాల్టర్ గ్రోపియస్ ఆయన్ని కలిశాడు. వయసు 27. పీటర్ బెహ్రెన్స్ ఆఫీసు వదిలి సొంతంగా మొదలుపెట్టాడే గానీ చెప్పుకోదగ్గ కట్టడం ఒక్కటీ చేతిలో లేదు. ఆల్ఫెల్డ్ జిల్లా అధికారి అతని బావగారు, పరిచయం ఆ దారిన కుదిరింది. (వాస్తుశిల్పి బెహ్రెన్స్‌కీ లాస్టుల బెహ్రెన్స్‌కీ సంబంధం లేదు. కానీ బెన్‌షైట్, గ్రోపియస్ ఇద్దరూ చెరో బెహ్రెన్స్ దగ్గరనుంచి బయటపడినవాళ్ళే.) గ్రోపియస్‌కీ అతని భాగస్వామి అడాల్ఫ్ మాయర్‌కీ దక్కింది ముఖం మార్చే పని మాత్రమే. లోపలి అమరిక ముట్టుకోకూడదు.

ముఖ్య భవనం ముందు నిలబడి చాలాసేపు మూలనే చూశాను. మూడంతస్తుల భవనం మూల అంటే లావుపాటి స్తంభం ఉండాలి. ఇక్కడ లేదు. రెండు వైపుల నుంచి వచ్చిన గాజు గాజునే తాకింది. గ్రోపియస్ అంతకుముందు పనిచేసిన ఆఫీసు 1909లో బెర్లిన్‌లో కట్టిన టర్బైన్ హాలుకి మూలల్లో కోటబురుజుల్లాంటి బరువైన దిమ్మెలున్నాయి. ఇక్కడ అతను ఆ బరువునే తీసి పారేశాడు. గాజు నిలువు పట్టీలుగా మూడంతస్తులూ దాటి పోతుంది. అంతస్తు వచ్చిన చోట లోహపు పలక, మళ్ళీ గాజు. మధ్యలో పసుపు ఇటుక స్తంభాలున్నాయి. అవి పైకి పోయేకొద్దీ లోపలికి వాలతాయి, గాజు మాత్రం నిటారుగా నిలుస్తుంది. అందుకే స్తంభాలు వెనక్కి తగ్గి, గాజు ముందుకొచ్చి వేలాడుతున్నట్టు కనిపిస్తుంది. అడుగున నల్ల ఇటుక పట్టీ. గుమ్మం పైన గడియారం. ఇంతే అలంకారం.

పాఠ్యపుస్తకాలు చదివి వచ్చినవాళ్ళు దీన్ని కాంక్రీటు చట్రం అనుకుంటారు. కాదు. నేలమాళిగ వదిలేస్తే పైదంతా మామూలు ఇటుకపని, దూలాలు, చెక్క పలకల నేల. 1980ల్లో మరమ్మతులు మొదలయ్యాక ఇంజనీర్లు ఆ సంగతి విడమరచి చెప్పారు. నాకు ఇది విని గౌరవం తగ్గలేదు, పెరిగింది. మన మేస్త్రీలకి తెలిసిన సామానుతోనే ఆ తేలిక సాధించారన్నమాట.

ఇంత గాజు ఎందుకంటే గ్రోపియస్ పేరు చెప్పేవాళ్ళే ఎక్కువ. నా లెక్క వేరు. చెక్కపని చేసే చోట వెలుగు చాలకపోతే గీత తప్పుతుంది. పైగా ఎండనీ గాలినీ మందుగా నమ్మిన చోట పని నేర్చిన యజమాని, గుమాస్తాల్నీ కూలీల్నీ చీకటి కొట్టాల్లో కూర్చోబెడతాడా? గీసిన చెయ్యి కుర్రవాడిదే. ఆ చేతిని నమ్మి డబ్బు పెట్టినవాడికి మాత్రం వెలుగు విలువ అంతకుముందే తెలుసు.

లాస్టు చెక్కే యంత్రం మన బజారులో తాళంచెవికి నకలు తీసే మిషన్ లాంటిదే. ఒకవైపు నమూనా తిరుగుతూ ఉంటుంది, దాన్ని ఒక చక్రం తాకుతూ పోతుంది, రెండోవైపు కత్తి అదే కదలికతో ముడి చెక్కని చెక్కుతుంది. 1819 ప్రాంతంలో అమెరికాలో థామస్ బ్లాంచార్డ్ కనిపెట్టిన పద్ధతి ఇది. నిష్పత్తి మారిస్తే అదే నమూనా నుంచి పెద్ద సైజూ చిన్న సైజూ వస్తాయి. కుడి పాదం నుంచి ఎడమ పాదమూ తీయవచ్చు. అంటే కర్మాగారం ప్రాణమంతా ఆ మొదటి నమూనాలోనే ఉంది. దాన్ని చెక్కేది మనిషి చెయ్యి.

మొదటి ప్రపంచయుద్ధానికి ముందు ఒకసారి, ఆ తర్వాత 1920ల్లో మరోసారి గ్రోపియస్ ఇక్కడికి తిరిగొచ్చి పొడిగింపులు కట్టాడు. మధ్యలో 1919లో బౌహౌస్ అనే కళల బడి పెట్టాడు. ఆ బడి మనుషులు ఫాగస్ ప్రకటనలకీ చెయ్యివేశారు. హెర్బర్ట్ బాయర్ పోస్టర్ల పని చేశాడు. 1928లో ఆల్బర్ట్ రెంగర్-పాట్ష్ తీసిన ఫోటోలు ఈ ఫ్యాక్టరీని ఊరు దాటించాయి. తొలి యజమాని పంతానికి కొడుకు, ఆయన పేరూ కార్లే, రుచి జోడించాడు.

1946లో భవనాన్ని రక్షిత కట్టడంగా గుర్తించారు. పెద్ద బెన్‌షైట్‌కి అప్పటికి 88 ఏళ్ళు; మరుసటి ఏడాది చనిపోయాడు. తను కట్టించిన ఫ్యాక్టరీ స్మారకం కావడం చూసిన యజమానులు ఎందరుంటారు?

ఇప్పుడు లాస్టులు ప్లాస్టిక్‌వి. కంపెనీకి మరో వ్యాపారం కూడా ఉంది. చెక్క పొట్టు గొట్టాల్లో గాలితో పరుగెత్తేటప్పుడు ఒక్క నిప్పురవ్వ చాలు, ప్లైవుడ్ లాంటి బోర్డుల ఫ్యాక్టరీ మొత్తం తగలబడడానికి. ఆ రవ్వని గొట్టంలోనే పసిగట్టి, అది ముందుకు పోయేలోపే నీళ్ళు చిమ్మి ఆర్పే పరికరాలు ఇక్కడ చేస్తారు. చెక్కతో బతికిన ఇంటికి ఆ భయం కొత్తది కాదు కదా.