మూడు భాషల పండుగ

పర్లాకిమిడి ఒడిశాలోని గజపతి జిల్లాకు ముఖ్య పట్టణం. మహేంద్రతనయ నది దాటితే పాతపట్నం వస్తుంది. అది ఆంధ్రప్రదేశ్. పటంలో ఈ రెండింటి నడుమ గీత ఉంటుంది గాని సంతలో ఆ గీత కనిపించదు. కూరలు అమ్మే ఆవిడ ఒకే బేరాన్ని తెలుగులో మొదలుపెట్టి ఒడియాలో ముగిస్తుంది. కొండల నుంచి చింతపండు, చీపుళ్లు తెచ్చే సవరలు తమలో తాము సవర భాషలో మాట్లాడుకుంటారు. కొనేవారితో కొనేవారి భాషలో మాట్లాడతారు. ఈ ఊళ్లో ఒక ప్రాథమిక పాఠశాలలో నేను చాలా ఏళ్లు తెలుగు ఉపాధ్యాయుడిగా పనిచేశాను.

మా బడిలో పండుగలకు కొదవ ఉండేది కాదు. ఆగస్టు 15న జెండా పండుగ. వినాయక చవితికి గణేశ పూజ. ఒడిశాలో చిన్నపిల్లలకు ఆ రోజున అక్షరాభ్యాసం చేస్తారు. మాఘమాసంలో సరస్వతీ పూజ. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడింది కనుక ఏటా ఆ రోజున ఉత్కళ దినోత్సవం. ఈ పండుగలకు బడి అంతా ఒక్కటయ్యేది. ఐదో తరగతి వారు రంగు కాగితాలు కత్తిరిస్తే, ఒకటో తరగతి వారు తోరణాలకు పూయవలసిన జిగురును చొక్కాలకు పూసుకునేవారు.

ఒక్క పండుగకు మాత్రం బడి రెండుగా విడిపోయేది. అది ఆగస్టు 29, తెలుగు భాషా దినోత్సవం. గిడుగు వెంకట రామమూర్తి గారు 1863లో ఆ రోజున జన్మించారు. మనుషులు మాట్లాడుకునే తెలుగే పుస్తకాలలోనూ ఉండాలని పోరాడినవారు ఆయన. 1880లో మా ఊరి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయుడిగా చేరారు. అందుచేత మా తెలుగు తరగతులకు ఆ రోజంటే ఎంతో అభిమానం. పటానికి దండ వేసి, పద్యాలు చదివి, పిప్పరమెంట్లు పంచేవాళ్లం. ఒడియా తరగతుల పిల్లలు కిటికీ ఊచలు పట్టుకొని చూసేవారు. పిప్పరమెంట్లు వారికీ అందేవి గాని పండుగ అందేది కాదు.

తెలుగు తరగతులలో పిల్లలు ఏటేటా తగ్గుతూ వచ్చారు. ఒక ఏడాది రెండు తరగతుల వారిని ఒకే గదిలో కూర్చోబెట్టవలసి వచ్చింది. ఆ ఏడాది తల్లిదండ్రుల సమావేశంలో ఒకాయన లేచి, "ఇంత కొద్దిమందికి వేరే పండుగెందుకండీ మేష్టారూ? మేం వేరు అని మనమే చాటుకున్నట్టు కాదేటి?" అన్నాడు. ఆయన తెలుగువాడే. ఎవరూ మాట్లాడలేదు.

మా హెడ్మాష్టారు ఒడియావారు. ఆయన కాసేపు ఆలోచించి నన్ను ఇలా అడిగారు: "రామమూర్తిగారు తెలుగు ఒక్కదానికే పనిచేశారా?"

ఆ ప్రశ్నకు జవాబు అక్కడున్న పెద్దలలో చాలామందికి తెలుసు. సవర భాష వచ్చిన మనిషిని ఇంట్లో ఉంచుకొని రామమూర్తిగారు ఆ భాష నేర్చుకున్నారు. తెలుగు లిపిలో సవర పుస్తకాలు రాశారు. సొంత డబ్బు వెచ్చించి సవర పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పించారు. కొండలలో తిరిగి మలేరియా తెచ్చుకున్నారు. దానికి వాడిన క్వినైను వల్ల ఆయనకు చెవుడు వచ్చింది. 1931లో సవర భాషకు వ్యాకరణ గ్రంథం వెలువరించారు. ఇతరుల భాషను చెవి పోయేదాకా విన్న మనిషి ఆయన.

"అయితే పండుగ మానవద్దు. పెద్దది చేద్దాం" అన్నారు హెడ్మాష్టారు.

రామమూర్తిగారు సవర నేర్చుకోవడమే నాటకంగా వెయ్యాలని పిల్లలు నిర్ణయించారు. తలపాగా చుట్టి రామమూర్తిగారు కావడానికి తెలుగు పిల్లలలో పోటీ పడ్డారు. మరి ఆయనకు భాష నేర్పే గురువు ఎవరు? ఒడియా నాలుగో తరగతిలో ఒక సవర అబ్బాయి ఉండేవాడు. కొండ మీది ఊరి నుంచి వచ్చి, బంధువుల ఇంట్లో ఉండి చదువుకునేవాడు. హాజరు పలకడానికి తప్ప నోరు తెరిచేవాడు కాదు. హెడ్మాష్టారు అతన్ని పిలిచి సంగతి చెప్పారు. "అందరి ముందూ మా భాషే మాట్లాడాలా?" అని రెండుసార్లు అడిగి నిర్ధారణ చేసుకున్నాడు.

మొదటి పాఠం నీళ్లు. తెలుగులో నీళ్లు, ఒడియాలో పాణి. సవర మాట పలికేటప్పుడు గొంతులో ఊపిరి ఒక్క క్షణం ఆగి మళ్లీ సాగుతుంది. తలపాగా పిల్లవాడు ఎన్నిసార్లు పలికినా ఆ ఆపు రాలేదు. గురువు తన గొంతు మీద వేలు పెట్టి, "ఇక్కడ, ఇక్కడ" అని చూపించి, పకపకా నవ్వాడు. అతడు నవ్వగా మేము చూడడం అదే మొదలు.

ఆ మాటను గోడ పటం మీద రాయబోతే మరో చిక్కు వచ్చింది. గొంతులోని ఆపుకు తెలుగులో అక్షరం లేదు; ఒడియాలోనూ లేదు. "ఒక చుక్క పెడదాం మేష్టారూ, అక్కడ ఊపిరి ఆపాలని గుర్తు" అంది ఐదో తరగతి పాప. సవరలు తమ భాషకు సొంత లిపి కూడా చేసుకున్నారనీ, 1936లో మంగేయి గమాంగో రూపొందించిన ఆ లిపి పేరు సొరంగ్ సొంపెంగ్ అనీ నేను చెప్పాను. ఆ రోజు నుంచి ప్రతి పిల్లా ఇంట్లో అవ్వనో తాతనో అడిగి కొన్ని మాటలు పట్టుకొచ్చేది. గోడ నిండిపోయింది.

పండుగనాటి ఉదయం తెలుగు ఆడపిల్లలు వాకిట్లో పొడిపిండితో ముగ్గు పెట్టారు. ఒడియా పిల్లలు వరండాలో తడిపిన బియ్యపుపిండితో ఝోటి వేశారు. ఏది అందంగా ఉందని తగవు వచ్చింది. ఒకరి నానమ్మ తీర్పు చెప్పింది: "అదీ బియ్యమే, ఇదీ బియ్యమే. తగువేటి, కాళ్లు పెట్టకండి." పది గంటలకు చినుకులు పడి ముగ్గు కరిగిపోయింది. అందరూ వరండాలోకి చేరి, ఝోటి తొక్కకుండా గోడవార నిలబడ్డారు. నాటకం అక్కడే జరిగింది.

సవర అబ్బాయి తండ్రి కొండ దిగి వచ్చాడు. తలపాగా పిల్లవాడు మాట తప్పు పలికినప్పుడల్లా అందరికంటే ముందు ఆయనే నవ్వాడు. చివరికి పిల్లవాడు సరిగా పలికాడు. అప్పుడు ఆయన నవ్వలేదు, చప్పట్లు కొట్టాడు.

ఆ పండుగ వల్ల తెలుగు తరగతిలో పిల్లలు పెరిగారని చెబితే అబద్ధమవుతుంది. కాని మంచినీళ్ల కుండ దగ్గర ఆ తరువాత చాలాకాలం మూడు మాటలూ వినిపించేవి. సవర అబ్బాయి తరగతిలో ప్రశ్నలు అడగసాగాడు. మరుసటి ఏడు ఆగస్టు 29న, పండుగెందుకన్న తండ్రే ఎవరూ అడగకుండా మామిడాకుల కట్ట తెచ్చి గుమ్మాలకు కట్టాడు.

పిల్లలూ! మీ బడి ఏ రాష్ట్రంలో ఉన్నా, మీ ఇంట్లో పెద్దలు వాడే మాటలు కొన్ని మీ పుస్తకంలో ఉండవు. వాటిని అడిగి రాసుకురండి. పక్క బల్ల మీది నేస్తాన్ని అతని ఇంటి మాట కూడా అడగండి. పలకడం రాకపోతే నేర్పమనండి.