కొత్త దంపతులకు ఒక సముద్ర తీరం

నికాహ్ అయింది, వలీమా అయింది. ఇక మూడో ఖర్చు మొదలవుతుంది. విజయవాడలోనూ బందరులోనూ మా వద్ద చదువుకున్న పిల్లల ఇళ్ళలో శుభకార్యాలకు వెళ్ళినప్పుడు ఈ మధ్య ఒక ప్రశ్న తరచూ వింటున్నాము. "మౌలానా సాబ్, మావాడు హనీమూన్‌కు మాల్దీవులు వెళతానంటున్నాడు. పంపవచ్చా?"

కొత్త దంపతులు కలిసి ప్రయాణం చేయడంలో తప్పు లేదు. ఎక్కడికి, ఎంత ఖర్చుతో, ఎవరి ఇష్టంతో అన్నదే ఆలోచించవలసిన సంగతి. వలీమా అప్పు తీరకముందే విమాన టికెట్ల కోసం మరో అప్పు చేసిన కుటుంబాలను మేమెరుగుదుము. ఆ వాయిదాలు కట్టలేక కొత్త కోడలి నగలు తాకట్టుకు వెళితే, ఆ నాలుగు రోజుల ఆనందం నాలుగేళ్ళ తగవుగా మారుతుంది.

దైవప్రవక్త (సఅసం) ఒక ప్రయాణంలో సహచరులను ముందుకు సాగమని చెప్పి, హజ్రత్ ఆయిషా (రజి)తో పరుగు పందెం వేశారని హదీసు గ్రంథాలు తెలుపుతున్నాయి. ఆ రోజు ఆమె గెలిచారు. కొంతకాలానికి మరో ప్రయాణంలో మళ్ళీ పందెం జరిగింది. ఈసారి ఆయన గెలిచి, అది ఆనాటి ఓటమికి బదులని నవ్వుతూ అన్నారు. ఈ ఉదంతంలో అందరూ పందెం గురించే చెప్పుకుంటారు. సహచరులను ముందుకు పంపిన సంగతిని గమనించేవారు తక్కువ. భార్య స్వేచ్ఛగా నవ్వడానికీ పరుగెత్తడానికీ పరాయి కళ్ళు లేని చోటు కావాలి. విడిది ఎంచుకోవడానికి ఇంతకంటే మంచి కొలబద్ద లేదు. ఈ కొలబద్దతోనే మన కృష్ణా డెల్టా తీరాలను పరిశీలిద్దాం.

విజయవాడవారికి అన్నిటికంటే చేరువ భవానీ ద్వీపం. ప్రకాశం బ్యారేజీకి ఎగువన, నది నడుమ సుమారు 133 ఎకరాల పచ్చని నేల. 1957లో పూర్తయిన ఆ బ్యారేజీ వల్ల నీరు నిలిచి, అక్కడ కృష్ణమ్మ పెద్ద చెరువులా కనిపిస్తుంది. పున్నమి ఘాట్ నుండి పడవలో వెళ్ళాలి. ఒక పగలు గడపడానికి చక్కని ప్రదేశం. కానీ సెలవు రోజుల్లో జనసందడి ఎక్కువ, ఏకాంతం దొరకదు. వరద కాలంలో అసలు వెళ్ళరాదు. 2019 ఆగస్టులోనూ 2024 సెప్టెంబరులోనూ ద్వీపాన్ని వరద నీరు ముంచెత్తింది. పడవ ఎక్కేముందు లైఫ్ జాకెట్ తప్పక అడగాలి. 2017 నవంబరు 12న ఇబ్రహీంపట్నం సమీపాన పవిత్ర సంగమం వద్ద పడవ బోల్తాపడి 20 మందికి పైగా మరణించిన విషాదాన్ని మరువరాదు.

ఇక సముద్రం వైపు వెళదాం. కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు మీదుగా చెరకు తోటలు, వరి చేలు చూస్తూ సుమారు 70 కిలోమీటర్లు వెళితే బందరు, అనగా మచిలీపట్నం. కుతుబ్‌షాహీల ఏలుబడిలో ఇది గోల్కొండ రాజ్యానికి ప్రధాన రేవు. ఇక్కడి నుండి ఎర్ర సముద్రానికి, పారశీక రేవులకు ఓడలు వెళ్ళేవి. హజ్ యాత్రికులూ అద్దకపు బట్టల మూటలూ ఆ ఓడల్లో సాగేవి. 1605లో డచ్చివారు, 1611లో ఆంగ్లేయులు వర్తకానికి ఇక్కడే దిగారు. 1864 ఉప్పెన ఈ పట్టణంలోనూ చుట్టుపక్కల ఊళ్ళలోనూ సుమారు 30 వేల ప్రాణాలను బలిగొన్నది. పక్కనున్న పెడనలో నేటికీ చెక్క అచ్చులతో కలంకారీ అద్దుతున్నారు. కొత్త కోడలికి అక్కడ ఒక దుప్పటా కొనిస్తే, అది విమానాశ్రయంలో కొన్న బహుమతి కంటే ఎక్కువ కాలం జ్ఞాపకం ఉంటుంది.

బందరుకు సుమారు 11 కిలోమీటర్ల దూరంలో మంగినపూడి తీరం ఉంది. ఇక్కడ నల్లని ఒండ్రుమట్టి ఎక్కువ, అలల నీరు మసకగా ఉంటుంది. ప్రకటనల్లోని నీలి నీటిని ఊహించుకుని వెళ్ళినవారు నిరాశపడతారు. అయితే చాలా దూరం లోతు తక్కువ కనుక పిల్లలున్న కుటుంబాలకు అనుకూలం. కార్తీక, మాఘ పౌర్ణములకు సముద్ర స్నానాల రద్దీ ఉంటుంది. ఆ రోజులు తప్పించుకుని, రాత్రి బస బందరులోనే పెట్టుకోవడం మేలు.

దివిసీమలో, కృష్ణమ్మ కడలిని కలిసే హంసలదీవి వద్ద, నది ఏదో సముద్రమేదో తెలియని దృశ్యం ఎంతో అందమైనది. కానీ సంగమం వద్ద ప్రవాహాలు మోసం చేస్తాయి. చూసి రావాలే తప్ప నీటిలోకి దిగరాదు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన వేలాది మందిని తుడిచిపెట్టింది ఈ సీమలోనే. అక్టోబరు నుండి డిసెంబరు మొదటి వారాల వరకు తుపానుల భయం ఉంటుంది కాబట్టి, డెల్టా తీరాలకు జనవరి, ఫిబ్రవరి నెలలు ఉత్తమం.

మా కొలబద్దకు అన్నిటికంటే దగ్గరగా వచ్చినది బాపట్ల వద్ద సూర్యలంక. విజయవాడ నుండి చెన్నై మార్గంలో బాపట్ల వరకు రైలు ఉంది. అక్కడి నుండి తీరం సుమారు 9 కిలోమీటర్లు. విశాలమైన ఇసుక, తీరాన పర్యాటక శాఖ వారి గదులు ఉన్నాయి. శని, ఆదివారాల్లో ఇక్కడా జాతరే. మంగళ, బుధవారాల్లో ఫజ్ర్ నమాజు ముగించి నడకకు వెళితే, జాలరుల వలలూ పడవలూ తప్ప మనుషుల అలికిడి తక్కువ. అయితే ఈ సముద్రం ప్రాణాలు తీసిన సంఘటనలు ఉన్నాయి. తడిసిన బుర్ఖా కాళ్ళకు చుట్టుకుంటుంది. మోకాలి లోతు దాటి వెళ్ళవద్దని అమ్మాయిలకు ముందే చెప్పాలి.

నిజంగా స్తోమత ఉండి, అప్పు లేకుండా దీవులకు వెళ్ళేవారిని మేము వారించము. లక్షద్వీప్ జనాభాలో 96 శాతానికి పైగా ముస్లిములే. వెళ్ళడానికి ప్రభుత్వ అనుమతి పత్రం తప్పనిసరి. కొచ్చి నుండి ఓడలోగాని, అగత్తికి విమానంలోగాని చేరాలి. మాల్దీవులు 12వ శతాబ్దంలోనే ఇస్లాం స్వీకరించిన దేశం, 14వ శతాబ్దంలో ఇబ్నె బతూతా ఖాజీగా పనిచేసిన గడ్డ. అక్కడ విడుదులు రెండు రకాలు. ఒక దీవి మొత్తం ఒకే హోటలుగా ఉండే రిసార్టులలో మద్యం అమ్ముతారు. ప్రజలు నివసించే దీవులలో మద్యం నిషిద్ధం, మసీదు నడక దూరంలో ఉంటుంది, అతిథి గృహాల అద్దె కూడా తక్కువ. మాలె నుండి దీవికి స్పీడ్ బోటు లేదా సీప్లేన్ ఛార్జీ ప్యాకేజీలో కలిసిందో లేదో ముందే అడగాలి. చాలామంది లెక్క తప్పేది అక్కడే.

నమాజు విషయం కూడా తెలుసుకోవాలి. హనఫీ ఫిఖ్హ్ ప్రకారం సుమారు 78 కిలోమీటర్లకు పైబడిన ప్రయాణంలో, ఒకే చోట 15 రోజులకు తక్కువ ఉండే ఉద్దేశంతో వెళితే ఖస్ర్ చేయాలి. కనుక విజయవాడ నుండి బందరు వెళ్ళినవారు పూర్తి నమాజే చేస్తారు, దీవులకు వెళ్ళినవారు నాలుగు రకాతుల ఫర్జ్‌ను రెండుగా చేస్తారు.

గది తీసుకునేముందు ఇద్దరి ఆధార్ కార్డులతో పాటు నికాహ్‌నామా నకలు దగ్గర ఉంచుకోవాలి. తుపాను వస్తే డబ్బు తిరిగి ఇస్తారా, మాంసం హలాల్‌దేనా, కిటికీలు ఎటు తెరుచుకుంటాయి అని విచారించాలి. గదిలో అద్దాలను, దీపాల చుట్టుపక్కలను ఒకసారి పరీక్షించడం మంచిది. దంపతుల ఏకాంతాన్ని ఎవరో చాటుగా చిత్రీకరించడం ఎంత ఘోరమో, మనమే దానిని వాట్సాప్ స్టేటస్‌లో పెట్టడం కూడా ఆలోచించవలసిన విషయమే. ముందుకు సాగమని పంపిన జనాన్ని ఫోన్ ద్వారా మళ్ళీ వెనక్కి పిలుచుకోవడమే అది.

చివరగా అన్నిటికంటే ముఖ్యమైన మాట. ఈ ప్రయాణం గురించి మమ్మల్ని అబ్బాయి తండ్రి అడుగుతాడు, మామగారు అడుగుతారు, ఒక్కోసారి అబ్బాయే అడుగుతాడు. అమ్మాయిని అడిగారా అంటే మాత్రం చాలా ఇళ్ళలో జవాబు రాదు. ఆమెకు సముద్రమంటే భయమేమో. పడవ పడదేమో. మాల్దీవుల కంటే తన నానమ్మ ఊరిని భర్తకు చూపించాలని ఉందేమో. నాయనలారా, టికెట్టు కొనేముందు ఆమెను అడగండి. నికాహ్‌కు ఆమె సమ్మతి అవసరమైనప్పుడు, ఆ నికాహ్ తర్వాతి మొదటి ప్రయాణానికి అవసరం కాకుండా ఎలా పోతుంది? అల్లాహ్ మన బిడ్డల దాంపత్యాలలో ప్రేమనూ కరుణనూ నింపుగాక. ఆమీన్.