అర మిల్లీమీటరు ఖాళీ

మా నాన్నకి ఇద్దరు కొడుకులంటుంది అమ్మ. పెద్దవాడు పెట్రోలు జీపు. చిన్నవాణ్ణి నేను. 1984లో ప్రభుత్వ వేలంలో కొన్న పాత విల్లీస్ జీపది. తోటివాళ్లంతా తమ జీపులకు డీజిలు ఇంజన్లు ఎక్కించుకున్నా, నాన్న మాత్రం ఒప్పుకోలేదు.

డీజిలు బండికి స్పార్కుతో పనిలేదు. గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే ఇంధనం అంటుకుంటుంది. పెట్రోలు బండిలో మాత్రం సరైన క్షణానికి ప్లగ్గు దగ్గర నిప్పురవ్వ పుట్టాలి. ఆ క్షణాన్ని నిర్ణయించేవి డిస్ట్రిబ్యూటర్లోని పాయింట్లు. అవి విడిపోగానే కాయిల్లో వేల వోల్టుల కరెంటు పుట్టి ప్లగ్గుకి వెళుతుంది. ఇంజను నిమిషానికి రెండు వేల చుట్లు తిరిగితే, నాలుగు సిలిండర్ల బండిలో అవి నాలుగు వేలసార్లు తెరుచుకోవాలి. మా జీపులో ఆ పాయింట్ల మధ్య ఉండాల్సిన ఖాళీ అంగుళంలో వెయ్యింట ఇరవై వంతులు. అంటే అర మిల్లీమీటరు!

ఓ వానాకాలం సాయంత్రం భద్రాచలం నుంచి రాజమండ్రి తిరిగొస్తున్నాం. చింతూరు దాటి ఘాట్ ఎక్కుతుంటే బండి ఆగిపోయింది. ఫోన్లో సిగ్నల్ లేదు. వెనక సీట్లో అమ్మ. టార్చి వెలుగులో నాన్న పాయింట్లను గీకి శుభ్రం చేశారు. ఖాళీ సరిచేయబోతే చెయ్యి వణికింది. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ ప్రయత్నించారు. కుదరలేదు. ‘ఒరే, నువ్వు పెట్టు’ అన్నారు. కార్ల గురించి పేజీలకు పేజీలు రాసిన నాకు అది చేతకాలేదు. చివరికి ఓ లారీ డ్రైవరు తాడు కట్టి మమ్మల్ని మారేడుమిల్లి దాకా లాక్కొచ్చాడు.

ఆ వారమే ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ కిట్టు తెప్పించాను. పాయింట్లు తీసేసి ఆ చోట చిన్న సెన్సరు, షాఫ్టుకి అయస్కాంతపు రింగు బిగిస్తారు. ఒకదానికొకటి తగలవు కాబట్టి పాయింట్లలా అరుగుదల ఉండదు. కొత్త సంగతేం కాదిది. చార్లెస్ కెట్టరింగ్ రూపొందించిన పాయింట్ల పద్ధతి 1910 కాడిలాక్ కార్లతో వాడుకలోకి వస్తే, అమెరికాలో క్రైస్లర్ సంస్థ 1973 మోడళ్ల నుంచే తన కార్లకు ఎలక్ట్రానిక్ పద్ధతి పెట్టేసింది.

‘ఇది పోతే ఏం చేస్తావ్?’ అడిగారు నాన్న.

‘పోదు నాన్నా.’

నిజంగానే బండి మారిపోయింది. పొద్దున్నే ఒక్క సెల్ఫుకే స్టార్టయ్యేది. మిస్సింగ్ లేదు. నాన్న మాత్రం ఓ మాటైనా మెచ్చుకోలేదు.

మూడో నెలలో అది పోయింది. హారన్ వైరు చూద్దామని తాళంచెవి తిప్పి, ఫోనొస్తే లోపలికెళ్లి మర్చిపోయాను. ఇంజను తిరగకుండా కరెంటు పారుతూనే ఉంటే అలాంటి కిట్టు వేడెక్కి కాలిపోతుందని మేస్త్రి చెప్పాడు. కిట్టు తప్పేం లేదు. తప్పంతా నాదే.

నాన్న ఒక్క మాట కూడా అనకుండా పాత పాయింట్లు తెచ్చి నా చేతిలో పెట్టారు. పక్కనే స్టూలు వేసుకుని కూర్చున్నారు. ‘కామ్ ఎత్తు మీదికొచ్చాకే కొలవాలి. గేజి వదులుగా జారకూడదు, ఇరుక్కోకూడదు. కొత్త చొక్కా కాజాలో గుండీ దూరినట్టు ఉండాలి.’ గేజి దొరక్కపోతే మడిచిన పోస్టుకార్డుతో అంచనాగా పెట్టి ఇంటికి చేరొచ్చనీ చెప్పారు. నాలుగోసారికి కుదిరింది. బండి స్టార్టయింది.

కాసేపు ఆ చప్పుడు విని, ‘ఆ కిట్టు ఇంకోటి తెప్పించు. నాకు కనబడట్లేదురా’ అన్నారు. ఆ మాట ఆయన నోట వినడం అదే మొదటిసారి.

పాత పెట్రోలు బండి ఉన్న మిత్రులు నన్నిప్పుడు ఏది మంచిదని అడుగుతుంటారు. ముందు డిస్ట్రిబ్యూటర్ షాఫ్టు ఊగుతుందేమో చూసుకోమంటాను. అది అరిగిపోతే పాయింట్లు ఎంత సరిచేసినా నిలవవు. కిట్టు కొనేముందు బ్యాటరీ వోల్టేజీ, ఎర్తు, కాయిల్ దానికి సరిపోతాయో లేదో చూసుకోవాలి. రోజూ తిరిగే బండికి కిట్టే సుఖం. కాకపోతే పాయింట్లు పాడయ్యేముందు బండి మొరాయిస్తూ చాలావరకు ముందే చెబుతుంది. కిట్టు చెప్పాపెట్టకుండా ఆగిపోవచ్చు. దాన్ని దారిలో బాగుచేయలేం.

మా జీపులో ఇప్పుడు కొత్త కిట్టుంది. టూల్ బాక్సులో నూనెగుడ్డలో చుట్టిన పాయింట్లు, ఓ కండెన్సర్ కూడా ఉన్నాయి. మొన్న మళ్లీ భద్రాచలం బయల్దేరాం. నాన్న ముందు సీట్లో నా పక్కన కూర్చున్నారు. గేటు దాటకముందే అడిగారు: ‘గేజి పెట్టావా?’

పెట్టాను. పోస్టుకార్డు కూడా.